మా కులం పిండమే కావాలన్నారు

రోత అనే మాటతోనే మొదలుపెడుతున్నాను. పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లు రాసుకున్నవి చాలా చదివాను. మొదటి పేరాలో కన్నీళ్లు, చివరి పేరాలో ఉయ్యాల. మధ్యలో చుట్టూ ఉన్న మనుషులు ఎంత ఏవగింపు పుట్టిస్తారో ఎవరూ రాయరు. నాకు ఈ కొన్నేళ్లలో ఏడుపొచ్చిన రోజులు తక్కువ, కడుపులో తిప్పిన రోజులే ఎక్కువ. గండం గడిచిందని డాక్టరమ్మ అంటోంది కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. రాస్తే ఆ తిప్పడం కాస్త తగ్గుతుందేమో. ఏ సెంటర్లోనో టోకెన్ పట్టుకుని కూర్చున్న ఇంకో ఆడమనిషి ఇది చదివి, ఇలా మండిపోతున్నది తనొక్కతే కాదని తెలుసుకున్నా మంచిదే.

నా పేరు అనిత. బీరంగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు బయాలజీ చెబుతాను. మా ఆయన పేరు శ్రీశైలం, గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఆపరేటర్. వాళ్ల ఊరు కూడా అటువైపే. మామయ్య పోయాక అత్తమ్మ మా కిరాయి ఇంట్లోనే ఉంటోంది.

మొదటి ఏళ్లు

శ్రీశైలం డ్యూటీ నుంచి వస్తే ఒంటి నిండా కంపెనీ వాసన. రెండుసార్లు సబ్బు రుద్దుకున్నా చెవుల వెనక ఉండిపోతుంది. వాళ్ల ఊళ్లో కంపెనీల గాలి అటు తిరిగిందంటే సాయంత్రాలు కిటికీలు మూసుకుంటారు. పెళ్లయిన కొత్తలో ఆ వాసనకు నాకు అన్నం సహించేది కాదు. తర్వాత అలవాటైంది. మనుషులకే అలవాటు పడలేకపోయాను.

స్టాఫ్‌రూంలో ప్రతి సోమవారం ఎవరో ఒకరు "విశేషమేమన్న ఉన్నదా మేడమ్?" అనేవారు. ఒకసారి పదో తరగతికి ప్రత్యుత్పత్తి పాఠం చెప్పి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ వచ్చాను. లెక్కల మేడమ్ టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "పాఠమైతే మంచిగనే చెప్తరు గదా మీరు" అని పక్కామెను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. పళ్ల మధ్య కరివేపాకు కూడా గుర్తే.

ఇంట్లో అత్తమ్మ ఎవరో చెప్పారని ఏదో ఆకు పసరు తెచ్చేది. పరగడుపున తాగాలి. చిక్కగా, పచ్చగా, చెరువు అడుగు నీళ్లలా ఉండేది. ఆమె గ్లాసు చేతికిచ్చి, నేను మింగేదాకా నా గొంతు వైపే చూసేది. నెలల తరబడి తాగాను. నాలుక మీద ఆ జిగట మధ్యాహ్నం దాకా పోయేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఆడబిడ్డ రేణుకకు ఒడి బియ్యం పోశారు. ఈ ఆచారం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి, ఖర్జూరాలు, తమలపాకులు కొంగులో పోస్తారు. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి దోసిళ్లతో పోస్తారు. ఆ మూట అత్తగారింటికి పోయాక, ఆ బియ్యం వండి, ఇంటివాళ్లూ అయినవాళ్లూ కూర్చుని తినాలి. తిన్నారంటే ఆ పిల్లనూ ఆమె తెచ్చిన దాన్నీ తమదిగా ఒప్పుకున్నట్టే. రేణుక పుట్టింటి కోడలిగా మొదటి దోసిలి నాది కావాలి. నేను పట్టుచీర కట్టుకుని నిలబడితే అత్తమ్మ దగ్గరికొచ్చి చాలా మెత్తగా అంది.

"నువ్వు వంట సంగతి సూడు బిడ్డా. పప్పు అడుగంటుతదేమో."

పప్పు అడుగంటలేదు. అది దించి అరగంటైంది. అయినా వంటింట్లోకి వెళ్లి ఆ గిన్నెలో గరిటె పెట్టి ఊరికే తిప్పుతూ నిలబడ్డాను. పిల్లలు లేనిదాని చేతి బియ్యం ఎవరి ఒళ్లోనూ పడకూడదట. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

వానాకాలం

పటాన్‌చెరు దాటాక హైవే పక్కన, కింద టైల్స్ షాపు, పైన సంతాన కేంద్రం. పేరు చెప్పను. గోడల నిండా నీలికళ్ల తెల్లపాపల ఫోటోలు. మా జిల్లాలో అలాంటి పిల్లను నేనెప్పుడూ చూడలేదు. వాటి కింద కూర్చున్న మా అందరివీ ఎండకు మాడిన ముఖాలు. ఎవరికి ఏం అమ్ముతున్నారో అర్థంకాక ఆ ఫోటోల వంక చూడటమే మానేశాను.

డాక్టరమ్మ మాత్రం మంచిది. చుట్టూ తిప్పకుండా చెప్పింది. నా అండాలు వయసుకు ముందే అయిపోతున్నాయి, ఆయన వైపు వీర్యకణాలు కూడా దాదాపు లేవు. "కంపెనీ పని వల్లనా మేడమ్?" అని శ్రీశైలం అడిగాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. మిగిలిన దారి దాత పిండం అంది. ఎవరో ఒకామె అండం, ఎవరో ఒకాయన వీర్యం, ల్యాబ్‌లో కలిపి పిండం చేసి నా గర్భంలో పెడతారు. మోయడం, కనడం నావి. పుట్టిన బిడ్డ చట్టం ప్రకారం మాదే. దాతల పేర్లు మాకు తెలియవు, మా పేర్లు వాళ్లకు తెలియవు. నాకు అందులో ఇబ్బంది ఏమీ కనిపించలేదు. ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్న బొమ్మే అది.

తిరిగొస్తుంటే ముత్తంగి దగ్గర వాన పట్టుకుంది. రింగురోడ్డు వంతెన కింద బండి ఆపాం. పక్కన లారీలు, టార్పాలిన్ల మీద నీళ్ల చప్పుడు. శ్రీశైలం హెల్మెట్ తీయకుండానే అడిగాడు.

"గా బిడ్డ మనదైతదా?"

"మోసేది నేను, పెంచేది మనం. ఇంకెవళ్లదైతది?"

"నా తరఫు ఏం లేదు గదా అందుల."

"నా తరఫు గూడ ఏం లేదు. ఇద్దరికి బరాబర్."

హెల్మెట్ లోపల నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. వాన తగ్గేలోపు సరేనన్నాడు.

దసరా ముందు

అత్తమ్మకు చెప్పకుండా కుదరదు. ఒకే ఇల్లు, ఒకే బాత్రూం, ఫ్రిజ్‌లో నా ఇంజెక్షన్లు. శ్రీశైలమే చెప్పాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అంది.

"ఎవళ్లదో ఏందో. ఏ కులపోళ్లదో. మన ఇంట్ల దీపం పెట్టేది గదేనాయె."

"అమ్మా, గవన్నీ అడగరే అక్కడ."

"ఎందుకు అడగరు? పెండ్లికి అడుగుతలేమా? మన కులందైతే పెట్టియ్యమను. లేకుంటే నాకొద్దు."

నాకొద్దు అంది. ఇంజెక్షన్లు పొడిపించుకుంటున్న పొట్ట నాది. ఏ బోరుదో, ఎవరు పట్టారో తెలియని నీళ్ల క్యాన్ రోజూ మా గుమ్మంలోకి వస్తుంది. దాన్ని గటగట తాగే మనిషి, ఇంకా కంటికి కూడా ఆనని దాన్ని కులం అడుగుతోంది. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను.

ఆమె ఊరుకోలేదు, మాతో పాటు సెంటర్‌కు వచ్చింది. అక్కడ డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ మేడమ్ అని ఒకామె ఉంటుంది. నున్నగా దువ్విన జుట్టు, తేనె పూసిన గొంతు. అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కుని అడగాల్సింది అడిగేసింది. నేను సిగ్గుతో నేల చూస్తున్నాను.

"అదెంత భాగ్యం అమ్మా!" అంది కౌన్సెలర్ మేడమ్. "మీ కులంవాళ్లదే చూసి పెడతాం. మీరు నిశ్చింతగా ఉండండి."

అత్తమ్మ ముఖం విచ్చుకుంది. వచ్చే వారం సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుని ఆమెకు తీసుకెళ్లింది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ ఇంట్లో పోరు తగ్గింది, పసరు గ్లాసు కూడా మాయమైంది. ఆ ప్రశాంతత నాకు అవసరం.

చలికాలం

ఆ బెంచీల మీద నాకు దొరికిన మంచి మనిషి పద్మ. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారట. ఆమె భర్తదీ అక్కడే పని. స్కానింగ్‌కు ఖాళీ కడుపుతో వచ్చి నేను కళ్లు తిరిగి కూర్చుంటే, తన పెరుగన్నం డబ్బా నా ఒళ్లో పెట్టింది. "తినండి, నాకు ఎలాగూ ఇవాళ ఆలస్యమే" అంది. వాళ్లదీ దాత పిండమే.

ఒకరోజు కౌన్సెలర్ గదిలో ఏసీ పాడై తలుపు బార్లా తీసి ఉంది. లోపల పద్మ, పక్కన వాళ్ల అత్తగారు. ఆ తేనె గొంతు బయటికి స్పష్టంగా వినిపిస్తోంది. "మీ కులంవాళ్లదే చూసి పెడతామమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి." వాళ్లు లేచాక జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఇంకో జంట వెళ్లింది. వాళ్ల కులం వేరు, ప్రశ్న అదే, జవాబూ అదే. ఒక్క అక్షరం మారలేదు.

బయటికొచ్చిన పద్మ నా ముఖం చూసి గ్రహించింది. "మీకూ అదే చెప్పారా అండీ? మా అత్తగారైతే శాఖ కూడా అడిగారు. దానికీ సరేనన్నారు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే వాంతొచ్చేలా ఉండి, బాత్రూంకి పరుగెత్తాను. మందుల ప్రభావమే కావచ్చు. నాకు మాత్రం ఆ తలుపు, ఆ గొంతు, తల ఊపుతూ బయటికొచ్చే ఆ పెద్దవాళ్ల తృప్తి, అన్నీ కలిసి కడుపులోంచి తన్నుకొచ్చినట్టే ఉంది.

ముఖం కడుక్కుని నేరుగా ఆమె గదిలోకి వెళ్లాను.

"అందరికి గదే మాట చెప్తున్నరా మేడమ్?"

ఆమె తడబడలేదు. "దాతల కులం మాకు తెలీదు మేడమ్. మేం అడగం. కానీ పెద్దవాళ్లకు ఒక మాట కావాలి. ఆ మాట ఇస్తేనే మీలాంటివాళ్లు ఈ తలుపు దాటి లోపలికి వస్తారు. ఇవ్వకపోతే నలభై దాటేదాకా గుళ్ల చుట్టూ తిప్పుతారు. మీరే చెప్పండి, ఏది నయం?"

ఆమె చెప్పిందాంట్లో నిజం ఉంది, అదే నన్ను ఇంకా మండించింది. పెద్దవాళ్ల కులపిచ్చిని అలాగే ఉంచి, దాని మీద దుకాణం పెట్టుకుంది. ఇంటికొచ్చి శ్రీశైలానికి చెబితే అతను చెప్పుల వైపు చూస్తూ, "అమ్మ ఖుషీగ ఉన్నది గదా. ఉండనీయ్ జెర" అన్నాడు.

ఉండనిచ్చాను. ఆ చలికాలంలోనే మొదటిసారి పిండం పెట్టారు. నిలవలేదు.

శివరాత్రి తర్వాత

నిలవలేదని తెలిసిన రోజు నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. అత్తమ్మ ముందు గదిలో రేణుకతో ఫోన్లో మాట్లాడుతోంది. గొంతు తగ్గించలేదు.

"మన కులం పిండమే పెట్టిన్రు బిడ్డా. మంచిదే ఉండె పాపం. దీని కడుపే నిలుపుకోలే. మన రక్తం గూడ నిలవని కడుపు, ఇగ ఏం నిలుస్తది?"

చెవులతో విన్నానో ఒంటితో విన్నానో తెలియదు. ఊరికే ఉండనిచ్చిన ఆ అబద్ధం తిరిగొచ్చి నా మీదే పడింది. ఎవరిదో తెలియని పిండం పోతే అది దురదృష్టం. వాళ్ల కులం పిండం పోతే అది నా నేరం. పుట్టని బిడ్డ మీదే ఇంత మాట పడితే, పుట్టిన బిడ్డ మీద ఏం పడుతుంది? మార్కులు బాగా వస్తే మన రక్తం, అల్లరి చేస్తే దీని పెంపకం. నా బిడ్డను ఆ తక్కెడలో కూర్చోబెట్టనని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పేశాను.

"అత్తమ్మా, అది మన కులంది గాదు. ఏ కులందో ఎవ్వళ్లకు ఎర్కలేదు. ఆమె అందరికి గట్లనే చెప్తది. ఇంకోటి పెట్టినా గంతే. దాని కులం నేను అడగ, నువ్వు గూడ అడగొద్దు."

ఆమె కొడుకు వైపు చూసింది. అతను తల దించుకున్నాడు కానీ, "నిజమేనే అమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను అతనికి రుణపడి ఉన్నాను. అత్తమ్మ కంచంలోనే చెయ్యి కడిగేసింది. సగం తిన్న అన్నం, పులుసు, నీళ్లు కలిసి కంచంలో తేలుతున్నాయి. "థూ" అంది. ఎవరిని అందో అడగలేదు. సాయంత్రం బట్టలు సర్దుకుని సంగారెడ్డిలో రేణుక ఇంటికి వెళ్లిపోయింది. పోతూ పోతూ నా వైపు చూడలేదు. వారం తిరిగేలోపు ఊళ్లో అయినవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది.

ఎండలు ముదిరాక

రెండోసారి మేమిద్దరమే వెళ్లాం. కౌన్సెలర్ గదికి వెళ్లలేదు. సెంట్లు, పౌడర్లు, ఏ ఘాటు వాసనలూ ల్యాబ్ దగ్గరికి తేవద్దన్నారని శ్రీశైలం సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున రెండుసార్లు సున్నిపిండితో రుద్దుకున్నాడు. బయల్దేరే ముందు మోచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి, "సూడు, ఇంక ఉన్నదా?" అని అడిగాడు. కొంచెం ఉంది. లేదన్నాను.

లోపల బల్ల మీద పడుకున్నాను. సిస్టర్ ఒకమ్మాయి దుప్పటి కప్పి, నా పాదాలు రెండూ తన చేతుల్లో పట్టుకుంది. "మా చెల్లె మీ స్కూల్లనే చదివింది మేడమ్. మీరు కొడ్తరట గదా" అంది. కొడతానన్నాను. ఇద్దరం నవ్వుతుండగానే పని అయిపోయింది.

పద్మకు కూడా అదే నెలలో పెట్టారు. ఆమె తన ఇంట్లో నిజం చెప్పలేదు. "మా అత్తగారికి గుండె ఆపరేషనైందండీ, ఆవిడ ఉన్నన్నాళ్లూ చెప్పను" అంది. తప్పు పట్టలేదు. ఎవరి ఇల్లు వాళ్లకు తెలుసు. ఇది చదివేవాళ్లకు కూడా ఇలా చెయ్యండి, అలా చెయ్యండి అని నేను చెప్పను. ఒక్కటే చెబుతాను. మీ కులందే అని ఎవరైనా మీకు తియ్యగా చెబితే, అది మీకు చెబుతున్నది కాదు. మీ వెనక నిలబడ్డవాళ్లకు చెబుతున్నది. ఆ తర్వాత దాన్ని మోయాల్సింది మాత్రం మీరే.

ఈసారి నిలిచింది.

మళ్లీ దసరా తర్వాత

ఏడో నెలలో మా అమ్మావాళ్లు వచ్చి నాకు ఒడి బియ్యం పోశారు. ఇక ఆ బియ్యం మా ఇంట్లో వండి అందరికీ పెట్టాలి. ముందుగా ఇంటి పెద్దావిడ ముద్ద తీసుకోవాలి. అత్తమ్మ రాదనుకున్నాను. పొద్దున్నే ఆటో దిగింది, వెనకే రేణుక. నాతో మాట్లాడలేదు. కాళ్లు కడుక్కుని, దేవుడి గూట్లో దీపం పెట్టి, తనే ఎసరు పెట్టింది.

శ్రీశైలం తరఫు ఆడవాళ్లు ముందు గది నిండా వచ్చారు. తినడానికి రాలేదు, చూడటానికి వచ్చారు. ఒకామె నా పొట్ట వంక చూసి, "ఎవళ్ల పోలికొస్తదో మరి" అని పక్కామెను గిల్లింది. ఇంకొకామె ముసిముసిగా నవ్వింది. స్టాఫ్‌రూంలో చూసిన నవ్వే. ఈ మనుషులకు నేను విస్తర్లు వేసి, పసుపు అన్నం వడ్డించి, పప్పు పోస్తున్నాను. నా చేతులకే అసహ్యం వేసింది.

వడ్డన అయింది. ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. అందరి కళ్లూ అత్తమ్మ విస్తరి మీదే. ఆమె తినకపోతే వాళ్లూ లేస్తారు, ఇంకా పుట్టని నా బిడ్డ వాకిట్లోకి రాకముందే వెలి అయిపోతుంది. రేణుక మెల్లగా అంది.

"అమ్మకు పాణం బాగలేదు. తినదేమో."

అత్తమ్మ కూతురి వైపు చూసింది. ఆ గిల్లిన ఆమె వైపు చూసింది. అన్నం పప్పులో కలిపి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆమె ముఖం నేను దగ్గర్నుంచి చూశాను. కనుబొమలు ముడుచుకున్నాయి, పెదాలు బిగుసుకున్నాయి. పసరు గ్లాసు ఎత్తినప్పుడు నా ముఖం కూడా అచ్చం అలాగే ఉండేదేమో. ప్రేమతో తిన్నదని నేను చెప్పను.

మింగింది.

"ఉప్పు తక్కువైంది" అంది. శివరాత్రి తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అదే. తర్వాత తల ఎత్తకుండానే, "రెండు పాణాలదానివి, ఎంతసేపు నిలవడ్తవ్? కూసో" అంది.

గదిలో విస్తర్ల చప్పుడు మొదలైంది. నేను లోపలికెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి, ఆమె విస్తరి పక్కన పెట్టి, అక్కడే కూర్చున్నాను.